లెక్కలోకి రాని పరుగులు

మొన్న సంక్రాంతికి మా అత్తగారి ఊరు తరిగొప్పుల వెళ్ళాం. జనగామలో బస్సెక్కి నర్మెట్ట దాటామంటే మా పిల్లలకి పండగ మొదలైపోయినట్టే. సకినాలూ ముగ్గులూ ఆడవాళ్ళకి, క్రికెట్టు మగపిల్లలకి. ఇది మా ఇంట్లో ఎప్పట్నుంచో ఉన్న పంపకం.

ఈసారి చిన్న మార్పు జరిగింది. ఊరి చివర బీడులో పిల్లలు రెండు జట్లు కట్టుకుంటే ఒక జట్టులో ఒకడు తక్కువయ్యాడు. వేరే దారి లేక మా బావగారి చిన్నమ్మాయిని పిలిచారు. ఎనిమిదో తరగతి చదువుతోంది. చున్నీ నడుముకి బిగించి వెళ్ళింది. మేం గట్టుమీద నిలబడి చూశాం. పిల్ల 23 పరుగులు చేసి, ఆఖరుదాకా నిలబడి మరీ వచ్చింది. వాళ్ళ జట్టు గెలిచింది.

సాయంత్రం సకినాలు నములుతూ స్కోరు పుస్తకం అడిగి చూశాను. పుస్తకమంటే పాత లాంగ్ నోట్‌బుక్కే. అందులో పదిమంది మగపిల్లల పేర్లు, ఎదురుగా పరుగులు ఉన్నాయి. పిల్ల పేరు లేదు! "దీని పరుగులేవిరా?" అని అడిగాను. స్కోరు రాసింది ఎవరో కాదు, దాని సొంత అన్నే. "ఎక్స్‌ట్రాలల్ల కలిపిన చిన్నమ్మా. అది మా టీమ్ల లేదు గద! టోటల్ మాత్రం కరెక్టే ఉన్నది, చూస్కో" అన్నాడు.

ఎక్స్‌ట్రాలంటే తెలుసుగా? వైడ్లూ, నోబాల్సూ... బ్యాటుతో ఎవరూ కొట్టకుండా వచ్చిన పరుగుల పద్దు. ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పిల్ల మాత్రం నవ్వలేదు. "నేను ఔట్ గూడ కాలే చిన్నమ్మా" అంది మెల్లగా.

ఆ రాత్రి దాన్ని పక్కన కూచోబెట్టుకుని మిథాలి రాజ్ లెక్కలు చూపించాను. దానికోసం మొదలుపెట్టానుగానీ, చూస్తూ చూస్తూ నాకే కళ్ళు తెరుచుకున్నాయి.

మిథాలిది తమిళ కుటుంబం. పుట్టింది 1982లో జోధ్‌పూర్‌లో. అయినా పెరిగిందీ, బ్యాటు పట్టిందీ సికింద్రాబాద్‌లోనే కనుక మన పిల్లే. భరతనాట్యం నేర్చుకుంటూ క్రికెట్‌లోకి వచ్చింది. 1999 జూన్ 26న ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో ఐర్లాండ్ మీద మొదటి వన్డే ఆడింది. అప్పటికి పదిహేడేళ్ళు నిండలేదు. 114 పరుగులు చేసి నాటౌట్‌గా తిరిగొచ్చింది. ఆఖరి వన్డే 2022 మార్చి 27న క్రైస్ట్‌చర్చ్‌లో దక్షిణాఫ్రికా మీద. అందులోనూ 68 పరుగులు. ఆ జూన్‌లో ఆటకి సెలవు చెప్పింది.

మొత్తం 232 వన్డేలు, 7805 పరుగులు, 7 సెంచరీలు, 64 అర్ధ సెంచరీలు. ఆమె రిటైరైన నాటికి మహిళల వన్డేల్లో ప్రపంచంలో ఇంకెవ్వరూ అన్ని పరుగులు చేయలేదు. 89 ట్వంటీ20ల్లో 2364, 12 టెస్టుల్లో 699. అన్నీ కూడితే 10,868. పాల పద్దు, చీటీల పద్దు కూడే చేత్తోనే ఇదీ కూడి చూసుకున్నాను, సరిపోయింది.

వన్డేల్లో ఆమె సగటు 50.68. మా ఆయన సహా చాలామంది, సగటంటే పరుగుల్ని ఆడిన మ్యాచ్‌లతో భాగించడమే అనుకుంటారు. కాదు. ఎన్నిసార్లు ఔటయితే అన్నింటితో భాగించాలి. మిథాలి 211 సార్లు బ్యాటింగ్‌కి దిగి, 57 సార్లు ఔటవకుండా తిరిగొచ్చింది. అంటే 7805ని 154తో భాగించాలి. అదే 211తో భాగిస్తే 37 దగ్గరే ఆగిపోతుంది. 37కీ 50కీ మధ్య ఉన్న ఆ తేడా అంతా ఆఖరుదాకా నిలబడ్డందుకు దక్కిన ఫలం. ఎవరో ఒకరు 'నాటౌట్' అని పక్కన రాసిపెట్టారు గనుకే అది దక్కింది. రాయకపోతే? మా పిల్ల పరుగుల్లాగే గాలికి పోయేది.

ఇంతకీ నాకు కళ్ళు తెరిపించిన లెక్క ఇంకొకటుంది. సచిన్ వన్డేలు ఆడింది 22 ఏళ్ళు, 1989 నుంచి 2012 దాకా. మిథాలి ఆడిందీ 22 ఏళ్ళే. ఇంకా చెప్పాలంటే కొన్ని నెలలు ఎక్కువే. సచిన్ మ్యాచ్‌లు 463, మిథాలివి 232. దాదాపు సరిగ్గా సగం! ఆకాశంలో సగం అంటూ మార్చి 8న మనకి పువ్విచ్చి పంపుతారే... ఆ సగం ఇక్కడ మాత్రం కచ్చితంగా పంచిపెట్టారన్నమాట.

టెస్టుల సంగతి మరీ అన్యాయం. సచిన్‌కి 200 టెస్టులు దొరికాయి, మిథాలికి 12. 2002 జనవరిలో లక్నోలో మొదటి టెస్టు ఆడి సున్నాకే ఔటయింది. మొదటి అట్టు పెనానికి అంటుకోవడం మనకి తెలియనిదా! అదే ఏడు ఆగస్టులో టాంటన్‌లో ఇంగ్లండ్ మీద, తన మూడో టెస్టులోనే 214 కొట్టింది. అప్పటికి మహిళల టెస్టుల్లో అదే ప్రపంచ రికార్డు. పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఆ పిల్లకి ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళలో దక్కినవి తొమ్మిదంటే తొమ్మిదే టెస్టులు. 2006 తర్వాత 2014 దాకా, మళ్ళీ 2014 తర్వాత 2021 దాకా మన ఆడపిల్లల జట్టుకి టెస్టులే లేవు. 699 పరుగులంటే తక్కువగా కనిపిస్తుంది. తక్కువైంది పరుగులా, అవకాశాలా?

"ఆడవాళ్ళ ఆట చూసేవాళ్ళుండాలిగా" అంటారు మా ఆయన. చూపిస్తే కదా చూసేది! 2017లో లార్డ్స్ ఫైనల్లో మిథాలి జట్టు ఇంగ్లండ్ చేతిలో 9 పరుగుల తేడాతో ఓడినప్పుడు ఎన్ని ఇళ్ళలో అన్నం ముద్ద చేతిలోనే ఆగిపోయిందో నాకు తెలుసు. 2025 నవంబర్ 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికా మీద 52 పరుగులతో గెలిచి కప్పు తెచ్చిన రోజు, పొద్దస్తమానం క్రికెట్టంటే విసుక్కునే మా అత్తమ్మే టీవీ ముందునుంచి లేవలేదు. ఆ కప్పులో 14 వికెట్లు మన కడప జిల్లా పిల్ల శ్రీచరణివి. అదే ఏడు మొదట్లో అండర్-19 ప్రపంచకప్పులో 309 పరుగులు చేసి ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన గొంగడి త్రిషది మన భద్రాచలం. మనవాళ్ళు చూడరనీ, మన పిల్లలు ఆడలేరనీ ఇంకా ఎవరైనా అంటారా?

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. మహిళల క్రికెట్ 2006 దాకా బీసీసీఐ నీడలో లేదు. 2005లో ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్ళినందుకు తమకి మ్యాచ్‌కి వెయ్యి రూపాయల చొప్పున ఇచ్చారని మిథాలే ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. 2022 అక్టోబర్లో మాత్రం ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకే మ్యాచ్ ఫీజు అని ప్రకటించారు. టెస్టుకి 15 లక్షలు, వన్డేకి 6 లక్షలు, ట్వంటీ20కి 3 లక్షలు. మంచిదే, సంతోషించాలి. కానీ కూలి రేటు సమానమైతే సరిపోతుందా? పని దొరికే రోజులు కూడా సమానంగా ఉండాలి కదా! ఈ మాట తరిగొప్పులలో పత్తి ఏరే ఏ ఆడకూలీని అడిగినా మనకన్నా బాగా విప్పి చెబుతుంది.

ఇదంతా పెద్ద మైదానాల గొడవ, మనకెందుకు అనుకోకండి. నేను ఇంటర్లో ఖో-ఖో ఆడాను. జోనల్ దాకా వెళ్ళాను. అన్నయ్య సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టి బీరువాలో దాచిన నాన్నే, నాది ఏమైందంటే ఏమో అన్నారు. చివరికి వంటింటి అలమరలో పచ్చడి జాడీ కింద నూనె మరకలతో దొరికింది. ఎవరూ కావాలని చేయలేదు. ఆడపిల్ల ఆటకి రేపు పనుంటుందని ఎవరికీ తోచలేదు, అంతే. మా బావగారబ్బాయికి కూడా అంతే, తోచలేదు. తోచకపోవడమే అసలు జబ్బు.

మన ఇంటిపని మాత్రం? 2024లో జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతుంటే, ఆ పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారు. ఆ పరుగులన్నీ ఇంటి టోటల్‌లో ఉంటాయి. పేరు దగ్గర మాత్రం ఖాళీ. "మా ఆవిడ ఏం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది" అంటారు చూడండి... ఎక్స్‌ట్రాల పద్దంటే అదే.

అందుకే నేననేదేమిటంటే, ఆడపిల్లని ఆడనివ్వడం ఒక్కటే చాలదు. ఆడింది రాయాలి. బళ్ళో పీఈటీ సారు మగపిల్లల స్కోర్లు రాసే పుస్తకంలోనే వీళ్ళవీ రాయాలి. సారు రాయకపోతే మనం అడగాలి. అప్పటికీ కాకపోతే పది రూపాయల నోట్‌బుక్ కొని తల్లే రాయొచ్చు. తేదీ, పేరు, ఎన్ని పరుగులు, ఔటా నాటౌటా... నాలుగు గళ్ళు చాలు. రేపు పిల్ల సెలక్షన్లకి వెళ్తే "ఇప్పటిదాకా ఏం ఆడావమ్మా?" అన్న ప్రశ్నకి తలొంచుకోకుండా చూపించుకోవడానికి ఒక కాగితం ఉంటుంది. ఆటలోకి వెళ్ళకపోయినా ఫర్వాలేదు. తను చేసింది తన పేరునే ఉందన్న ధైర్యం మిగులుతుంది. మగపిల్లాడికీ చెల్లెలి పేరు రాయడం అలవాటవుతుంది. రేపు పెళ్ళయ్యాక భార్య పని గుర్తుపట్టడానికి ఆ అలవాటే పనికొస్తుంది.

మర్నాడు పొద్దున్నే మా వాణ్ణి నోట్‌బుక్ తెమ్మన్నాను. కాసేపు గునిశాడు. "గిదేంది చిన్నమ్మా, అయిపోయిన మ్యాచ్‌కు..." అన్నాడు. అయినా రాశాడు. పదకొండో పేరుగా చెల్లెలి పేరు, ఎదురుగా 23, పక్కన నాటౌట్. ఎక్స్‌ట్రాలు 31 ఉన్నవి 8కి దిగాయి. మళ్ళీ కూడి చూపించాడు.

టోటల్ ఒక్క పరుగు కూడా మారలేదు. ఆమె పేరు రాసినంత మాత్రాన ఎవరి పరుగులూ తగ్గలేదు. మరి రాయడానికి ఇన్నాళ్ళూ మనకి అడ్డేమిటంటారు?