తోడు లేనిదే పొంగు రాదు!

రాత్రి పాలు తోడేస్తే తెల్లారేసరికి గడ్డపెరుగు. తోడు కాస్త తక్కువైనా, చలి కాస్త ఎక్కువైనా... మూత తీస్తే పాలు పాలలాగే ఉంటాయి. డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్ ఇల్లాళ్లకు ఇది అనుభవమే. అక్కడ కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత అయిదు డిగ్రీల దాకా పడిపోతుంది మరి!

సరిగ్గా ఇదే చిక్కు, ఇంట్లో బీరు కాచుకునే విదేశీయులదీ. మన దగ్గర లైసెన్సు లేకుండా కాయడం నేరం కానీ, అమెరికాలో 1978లో వచ్చిన చట్టం తర్వాత అదో సరదా వ్యాపకమైంది. బార్లీ మాల్టు కషాయం కాచి, చల్లార్చి, ఈస్టు వేస్తారు. ఇక చూడాలి... గంటలు గడుస్తాయి, ఒక్క బుడగ కూడా రాదు. ఈస్టు చచ్చిపోయిందేమోనని బెంగ!

నిజానికి అది నిద్రపోదు. కషాయంలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది, కణాల పైపొరలు గట్టి చేసుకుంటుంది, చక్కెరను విడగొట్టే ఎంజైములు సిద్ధం చేసుకుంటుంది. ఆ తర్వాతే పొంగు. ఈ ఆలస్యం ఆరు గంటల నుంచి ఒక రోజు దాకా ఉండొచ్చు. ఆలస్యమైతే వచ్చే నష్టమేమిటంటారా? తియ్యటి కషాయం ఈస్టుకే కాదు, బ్యాక్టీరియాకూ విందే. ఎవరు ముందు పెరిగితే గిన్నె వాళ్లదే.

అందుకే ఒకట్రెండు రోజుల ముందే 'తోడు' తయారు చేస్తారు. లీటరు నీళ్లలో వంద గ్రాముల మాల్టు పొడి కలిపి, మరిగించి, చల్లార్చి అందులో ఈస్టును పెంచుతారు. మామూలు బీరుకు మిల్లీలీటరు కషాయంలో సుమారు కోటి ఈస్టు కణాలు ఉండాలని లెక్క.

కరీంనగర్ పల్లెల్లో తాడెక్కే గీత కార్మికుడికి ఈ లెక్కలతో పని లేదు. సాయంత్రం కట్టిన లొట్టి పొద్దున దించేసరికే నురగలు కక్కుతుంటుంది. కారణం లొట్టిలోనే ఉంది. నిన్నటి కల్లు తాలూకు ఈస్టు మట్టి గోడల సందుల్లో దాక్కుని ఉంటుంది. పైగా గాలి, పురుగులు మోసుకొచ్చేది కొంత. చెట్టు నుంచి కారే రసంలో పది శాతానికి పైగా చక్కెర. దానికి మన ఎండ తోడు. ఇక ఆలస్యమెందుకు?

కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ 1883లో ఒకే ఈస్టు కణం నుంచి శుద్ధమైన తోడు పెంచాడు. లొట్టిలో అలా కాదు... అదో సంత! ఈస్టు రకాలు, పులుపునిచ్చే బ్యాక్టీరియా కలిసే పనిచేస్తాయి. ఆ పని ఆగదు. పొద్దున తీపి, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి పులుపు. లొట్టి లోపల సున్నం పూసి, దించగానే చల్లబరిస్తే ఆ రసమే నీరా. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో తెరిచిన నీరా కేఫ్ వెనుక సూత్రం ఇదే.

అసలు కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది. గంటల్లో పులిసిపోయే సరుకును దూరం పంపలేరు, దాచలేరు. చెట్లు ఇచ్చేది కొంతే, అడిగేవాళ్లు ఎందరో. అక్కడే కల్తీదారులు చొరబడ్డారు. కల్లులో నీళ్లు కలిపితే చక్కెరా తగ్గుతుంది, మత్తూ తగ్గుతుంది. తీపికి శాకరిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం. అలవాటు పడ్డ మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛ, మతిభ్రమ. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలే పోగొట్టుకున్నారు.

మందు కలిసిందో లేదో నాలుక చెప్పలేదు, పరీక్ష చేయాల్సిందే. అలవాటైపోయిన వాళ్లు మానాలనుకుంటే డాక్టరు పర్యవేక్షణలో మానడమే క్షేమం. ఇంట్లో ఎవరికైనా కల్లు దొరకని రోజున చేతులు వణికినా, తికమకగా మాట్లాడినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

రోజూ ప్రాణాలకు తెగించి మోకు కట్టుకుని చెట్టెక్కే గీత కార్మికుడు లొట్టిలో కలిపేదేమీ లేదు. నిన్నటి తోడు అందులోనే ఉంది. ఆ తోడు చాలనుకోని వాళ్ల వల్లే అతడి కల్లుకూ చెడ్డపేరు!