డిగ్రీ తర్వాత డిజైన్ రంగం: ఆపరేటర్ కుర్చీలోనే ఆగిపోవద్దు

హాస్టల్ వదిలి వెళ్లిన మమ్మల్ని ఊళ్లో మొదట అడిగే ప్రశ్న 'ఏ గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నారు?' అని. గ్రాఫిక్ డిజైన్ చేస్తున్నామంటే 'ఇంత చదివి ఫ్లెక్సీలు చేసుకుంటారా?' అంటారు. ఇంట్లో మొదటి డిగ్రీ మనదే అయినప్పుడు ఆ మాట మనకంటే అమ్మానాన్నలకు ఎక్కువ తగులుతుంది. అయినా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేం చెప్పేదేమంటే, ఈ పని మన చదువుకు తక్కువేమీ కాదు. కానీ ఫ్లెక్సీ షాపులో కుర్చీ దొరకగానే స్థిరపడ్డామనుకుంటే నష్టపోయేది మనమే.

మనలో చాలామంది సెలవుల్లో డీటీపీ సెంటర్‌లో చేరి ఈ దారిలోకి వస్తాం. కోరల్‌డ్రా, ఫొటోషాప్, అనూ కీబోర్డు నేర్చుకుంటాం. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, అయినా దాన్ని వదలని ప్రెస్సులు ఉన్నాయి కనుక అదీ నేర్చుకుంటాం. ఆ తర్వాత ఏం జరుగుతుంది? 'నిన్నటి ఫైల్ తియ్, ఫొటో మార్చు, పేరు మార్చు' అంటారు ఓనరు. మూడేళ్లయినా అదే పని. ఇప్పుడు ఆ ఫొటో మార్చే పనిని ఫోన్‌లో కాన్వాతో ఎవరికి వారే చేసుకుంటున్నారు. మాట చెబితే బొమ్మ గీసే ఏఐ కూడా వచ్చింది. ముందుగా పోయేది ఆపరేటర్ ఉద్యోగమేనని మా అభిప్రాయం.

మరి మన దగ్గర మిగిలేదేమిటి? తెలుగు అక్షరం. 'రాష్ట్రం' అనే మాట రాసి చూడండి. ష కింద రెండు ఒత్తులు దిగుతాయి. ఇంగ్లీషుకు పెట్టే లైన్ స్పేసింగే ఉంచితే ఆ ఒత్తులు కింది వరుస తలకట్లకు తగులుకుంటాయి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో దక్షిణాసియా లిపుల సెట్టింగ్ మార్చకపోతే యూనికోడ్ తెలుగు ముక్కలవుతుంది. అనూలో కొట్టిన మేటర్ యూనికోడ్‌లోకి మార్చకుండా ఫోన్‌లో పంపితే అవతలివాళ్లకు పిచ్చిగీతలే. పెద్ద పెద్ద ప్రకటనల్లో కూడా ఈ తప్పులు రోజూ చూస్తున్నాం. ఇవి తెలిసినవాడు ఏ ఏజెన్సీకైనా కావాలి. బాపు గారి చేతిరాత ఫాంటుగా మారిందంటే, అక్షరాన్ని కూడా బొమ్మలాగే చూసినందుకే. వాల్ పోస్టర్లు చూసి చదవడం నేర్చుకున్న మనకు ఆ చూపు కొత్తేం కాదు.

డబ్బు లేదనే మాట నిజమే. కానీ అడోబీకి నెలనెలా చందా కట్టక్కర్లేదు, దొంగ కాపీ అంతకన్నా అక్కర్లేదు. ఇంక్‌స్కేప్, జింప్ ఉచితం. మండలి, రామభద్ర, సురవరం వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వ్యాపార పనులకూ వాడుకోవచ్చు. పై చదువు కావాలంటే ఎం.డిజైన్ ఉంది. దానికి ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్షను మూడేళ్ల డిగ్రీ ఉన్న ఎవరైనా రాయవచ్చు, వయసు పరిమితి లేదు. ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఆ కోర్సు ఉంది. బీఏ, బీకాం వాళ్లం మనకెందుకులే అనుకోనక్కర్లేదు.

కంప్యూటర్ మాత్రం ఉచితంగా రాదు. ఇక్కడ పూర్వ విద్యార్థులను ఒక మాట అడగాలి. ప్రతి వార్షికోత్సవానికీ శాలువాలకు, షీల్డులకు ఖర్చు పెడుతున్నాం. ఒక్క ఏడాది అవి మానేస్తే హాస్టల్‌కు రెండు సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు రావా? ముఖ్య అతిథులు నొచ్చుకుంటారని మేం అనుకోవడం లేదు.

ఇంకొకటి, 'మనోడే కదా' అని పెళ్లి కార్డు ఉచితంగా చేయించుకోవడం. తాపీమేస్త్రీ మనోడైతే కూలి ఎగ్గొడతామా? డిజైన్‌కు కూడా కూలి ఉంటుంది. కొత్తగా దిగే తమ్ముళ్లు సగం అడ్వాన్సు తీసుకున్నాకే ఫైలు తెరవండి. మూడోసారి మార్పుల తర్వాత అదనంగా అడగండి. మొహమాటపడితే మెస్ బిల్లు ఎవరూ కట్టరు.

పని అడగడానికి వెళ్లినప్పుడు మార్కుల లిస్టు కన్నా ముందు మనం చేసినవి చూపించమంటారు. అవి ఎక్కడి నుంచి వస్తాయి? ఏప్రిల్ 14కు మన హాస్టల్ గేటుకు కట్టే ఫ్లెక్సీని ఏటా బయటి షాపులో చేయిస్తున్నాం. అదే అంబేడ్కర్ ఫొటో, అదే నీలం, కింద ముప్పై మంది పేర్లు. వచ్చే ఏడాది దాన్ని హాస్టల్ పిల్లలే డిజైన్ చేయాలి. ప్రింటింగ్ ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది, చేసినవాళ్లకు డిజైన్ కూలి కూడా ఇస్తాం. స్కెచ్‌లు మార్చి నెలాఖరులోగా వార్డెన్ గారి దగ్గర ఇవ్వండి.