మోడల్ రైలింజన్‌కి డెకల్స్: ప్రింటర్ కాదు, వార్నిష్ కొనండి

ఫోన్‌కి టెంపర్డ్ గ్లాస్ వేశాక ఒక్క బుడగ మిగిలితే ఎంత చిరాకో మనందరికీ తెలుసు. మోడల్ రైలింజన్ మీద అక్షరాలు, గీతలు అంటించడం అంతకన్నా సున్నితమైన పని.

ఓఓ స్కేల్ (1:76) ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’కి ఎల్ఎన్ఈఆర్ ఆకుపచ్చ వేశాను. దాని నలుపు-తెలుపు గీతలు ఇంట్లోనే ప్రింట్ తీద్దామనుకున్నా. కానీ మామూలు ఇంక్‌జెట్‌లో తెల్ల ఇంకు ఉండదు. పారదర్శక షీటు మీద తెలుపు రావాల్సిన చోట ఖాళీయే మిగులుతుంది, కింది ఆకుపచ్చ కనిపిస్తుంది. సరే, రెడీమేడ్ షీటు కొన్నా.

దాన్ని తెచ్చి నేరుగా మ్యాట్ పెయింట్ మీదే అంటించేశా. తడిగా ఉన్నంతసేపూ బాగుంది. ఆరాక ఫిల్మ్ అంతా వెండి మరకలు! గరుకు పెయింట్‌కీ ఫిల్మ్‌కీ మధ్య గాలి చిక్కుకోవడమే కారణం. టెండర్ ఒక వైపంతా గీకి మళ్లీ రంగు వేశాను.

అందుకే చెబుతున్నా, ముందు మెరిసే వార్నిష్ కొట్టండి. బాగా ఆరాక మైక్రో సెట్ రాసి డెకల్ సర్దండి, తర్వాత పైన మైక్రో సోల్. అప్పుడు ముడతలు పడుతుంది, కంగారుపడి ముట్టుకోవద్దు. ఆరేకొద్దీ అదే పరుచుకుంటుంది. చివర్లో మళ్లీ వార్నిష్.

అసలు ఇంజన్ మీద అంగుళం గీత ఈ స్కేల్లో 0.33 మి.మీ. అది బ్రష్‌తో గీయడం నా వల్ల కాదు. షీటు, వార్నిష్, రెండు సీసాలు, కాస్త ఓపిక చాలు. ఈ పనికి కొత్త గాడ్జెట్ దండగ.