పథకం బయటే మిగిలిన పది లక్షల మంది

2020 మార్చి 20న బ్రిటన్ ఆర్థిక మంత్రి రిషి సునాక్ ఓ పెద్ద ప్రకటన చేశారు. కరోనా వల్ల పని ఆగిపోయినా ఎవరినీ ఉద్యోగంలోంచి తీసేయొద్దు, వాళ్ల జీతంలో 80 శాతం ప్రభుత్వమే ఇస్తుంది అన్నారు. నెలకు గరిష్ఠంగా 2,500 పౌండ్లు. అదే ఫర్లో పథకం. 2021 సెప్టెంబరు 30న ముగిసేనాటికి కోటీ 17 లక్షల ఉద్యోగాలకు అది ఏదో ఒక దశలో ఆసరా అయింది. దాదాపు 7,000 కోట్ల పౌండ్లు ఖర్చయింది. ఏ దేశ ఆర్థిక శాఖ అయినా గొప్పగా చెప్పుకోదగ్గ పనే.

కానీ ఆ పథకంలో ఒక తేదీ ఉంది. ఫిబ్రవరి 28 నాటికి కంపెనీ జీతాల జాబితాలో మీ పేరుండాలి. మార్చి మొదటి వారంలో కొత్త ఉద్యోగంలో చేరినవాళ్ల సంగతేంటి? పాత కంపెనీలో రాజీనామా చేసేశారు. కొత్త కంపెనీలో పేరుంది, కానీ తేదీ దాటిపోయింది. పాత యజమాని దయతలచి మళ్లీ తీసుకుంటే తప్ప దారిలేదు. గోల మొదలయ్యాక ఏప్రిల్ మధ్యలో ఆ తేదీని మార్చి 19కి జరిపారు. అయినా చాలామందికి లాభం లేకపోయింది. ఎందుకంటే చేరితే సరిపోదు, ఆ తేదీకల్లా కంపెనీ వాళ్ల జీతం వివరాలను పన్నుల శాఖకు పంపి ఉండాలి. నెలజీతం ఇచ్చే కంపెనీలు చాలావరకు ఆ వివరాలు పంపేది నెలాఖరులోనే!

ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, ఇలాంటి తేదీల దగ్గర ముందుగా ఇరుక్కునేది కొత్తగా చేరినవాళ్లే. అనుభవం తక్కువ, కాగితాలు తక్కువ, మాట్లాడే సంఘం ఉండదు. మరి వాళ్ల తరఫున ఎవరు అడగాలి?

అడిగిన కమిటీ

బ్రిటన్‌లో ఆ పని చేసింది పార్లమెంటు కమిటీ. దిగువ సభ అయిన హౌస్ ఆఫ్ కామన్స్‌లో ట్రెజరీ కమిటీ అని ఒకటుంది. ఆర్థిక శాఖను, పన్నుల శాఖను, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌ను ప్రశ్నించడమే దాని పని. అన్ని పార్టీల ఎంపీలూ ఉంటారు. అప్పట్లో ఛైర్మన్ మెల్ స్ట్రైడ్. ఆయనది అధికార పార్టీయే. అంతకుముందు అదే ఆర్థిక శాఖలో మంత్రిగా చేసిన మనిషి కూడా.

2020 జూన్‌లో ఈ కమిటీ ఒక నివేదిక ఇచ్చింది. సాయం అందాల్సి ఉండీ అందనివాళ్లు పది లక్షల మందికి పైగా ఉన్నారని తేల్చింది. ఊరికే 'చాలామంది నష్టపోయారు' అని వదిలేయలేదు, గుంపులుగా విడదీసి చూపించింది. మార్చిలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు. ఇటీవలే సొంతంగా పని మొదలుపెట్టి, ఇంకా పన్ను రిటర్ను వేయనివాళ్లు. ఏడాదికి 50,000 పౌండ్లకు మించి లాభం ఉన్న స్వయం ఉపాధివాళ్లు. తమ చిన్న కంపెనీ నుంచి జీతం కాకుండా డివిడెండు రూపంలో డబ్బు తీసుకునేవాళ్లు. టీవీ, నాటక రంగాల్లో చిన్న చిన్న కాంట్రాక్టులపై పనిచేసే ఫ్రీలాన్సర్లు. ఒక్కో గుంపుకు ఏం చేయొచ్చో కూడా రాసింది.

ఆర్థిక శాఖ ఏం చేసింది? ప్రధాన సిఫార్సులను తోసిపుచ్చింది. తేదీ సడలిస్తే లేని ఉద్యోగులను చూపించి డబ్బు కొట్టేస్తారని, డివిడెండు ఎక్కడి నుంచి వచ్చిందో పన్నుల శాఖ దగ్గరున్న సమాచారంతో తేల్చలేమని చెప్పింది. ఆ వాదనను కొట్టిపారేయలేం. ప్రజాధనం కదా, జాగ్రత్త ఉండాల్సిందే.

అయితే అదే జాగ్రత్త అన్నిచోట్లా కనిపించలేదు. చిన్న వ్యాపారాలకు 50,000 పౌండ్ల వరకు ఇచ్చే బౌన్స్ బ్యాక్ రుణాల పథకాన్ని 2020 మేలో మొదలుపెట్టారు. నూటికి నూరు శాతం ప్రభుత్వ హామీ. దరఖాస్తుదారు తన గురించి తాను రాసిచ్చిందే చాలు. దాదాపు 4,700 కోట్ల పౌండ్లు అలా వెళ్లాయి. మోసాలను అడ్డుకోవడంలో ప్రభుత్వ నిర్వాకాన్ని తట్టుకోలేక, ఆర్థిక శాఖ మంత్రి లార్డ్ ఆగ్న్యూ 2022 జనవరిలో ఎగువ సభలో మాట్లాడుతూనే రాజీనామా చేసి బయటికి నడిచారు. అంటే ఒకచోట మోసం భయంతో కొత్త ఉద్యోగిని ఆపిన శాఖే, ఇంకోచోట తలుపులు బార్లా తెరిచింది. ఈ తేడా ఎందుకన్నదే అడగాల్సిన ప్రశ్న.

కమిటీ శ్రమ వృథా పోలేదు. 2021 మార్చి బడ్జెట్‌లో స్వయం ఉపాధి సాయానికి 2019-20 పన్ను రిటర్నులను కూడా లెక్కలోకి తీసుకున్నారు. దాంతో కొత్తగా మరో ఆరు లక్షల మందికి పైగా అర్హత వచ్చింది. కానీ అప్పటికి ఏడాది గడిచిపోయింది. అద్దె కట్టాల్సినవాళ్లకు ఏడాదంటే చిన్న కాలమా?

సైన్సు మాట విన్నారా?

రెండో ప్రశ్న మరీ ముఖ్యమైనది. డబ్బు నిర్ణయాలు తీసుకునేటప్పుడు ఆర్థిక శాఖ శాస్త్రవేత్తలను అడిగిందా?

2020 ఆగస్టులో 'ఈట్ అవుట్ టు హెల్ప్ అవుట్' అనే పథకం నడిచింది. సోమవారం నుంచి బుధవారం దాకా హోటల్లో కూర్చుని తింటే బిల్లులో సగం ప్రభుత్వమే కడుతుంది. మనిషికి 10 పౌండ్ల దాకా. హోటళ్లు నిలబడాలి, అందులో పనిచేసే కుర్రకారు ఉద్యోగాలు పోకూడదన్నది ఉద్దేశం. మొత్తం ఖర్చు 84.9 కోట్ల పౌండ్లు. జనం బాగానే వచ్చారు. అయితే వైరస్ కూడా వాళ్లతోపాటు వచ్చిందా అన్న చర్చ ఆ తర్వాత మొదలైంది. కొత్తగా గుర్తించిన కేసుల గుంపుల్లో 8 నుంచి 17 శాతం ఈ పథకంతో ముడిపడి ఉండొచ్చని వార్విక్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త ఒకరు అంచనా వేశారు. ఆర్థిక శాఖ ఆ అంచనాను ఒప్పుకోలేదు.

అసలు విషయం 2023లో కోవిడ్ విచారణ సంఘం ముందు బయటపడింది. పథకం ప్రకటించకముందు తమను సంప్రదించలేదని ప్రభుత్వ ముఖ్య శాస్త్ర సలహాదారు పాట్రిక్ వాలెన్స్, ముఖ్య వైద్యాధికారి క్రిస్ విట్టీ చెప్పారు. హోటళ్లు తెరవాలన్న నిర్ణయం అప్పటికే జరిగిపోయిందని, దాని పరిధిలో ఇదొక చిన్న పథకమని, జులైలో ప్రకటించాక అమలయ్యేలోపు అభ్యంతరం చెప్పడానికి వాళ్లకు సమయం ఉందని సునాక్ బదులిచ్చారు. ఎవరి మాటలో ఎంత నిజముందో పాఠకులే తూచుకోవచ్చు. కానీ ఒక్కటి మాత్రం స్పష్టం. అడిగారా లేదా అన్నది మూడేళ్ల తర్వాత కాదు, ఆ వారంలోనే తేలాల్సింది.

నాణేనికి ఇంకో వైపూ ఉంది. ఎంపీల ఒత్తిడి తర్వాత శాస్త్రవేత్తల సలహా సంఘం సేజ్ తన పత్రాలను 2020 మే చివరి నుంచి బయటపెట్టడం మొదలుపెట్టింది. మరి లాక్‌డౌన్ వల్ల ఉద్యోగాలకు, చదువులకు ఎంత దెబ్బ తగులుతుందన్న లెక్కలేవి? ఆంక్షలపై 2020 డిసెంబరు 1న ఓటింగ్ పెట్టారు. దానికి ముందు ఆర్థిక ప్రభావాల విశ్లేషణ ఇవ్వమని మెల్ స్ట్రైడ్ పట్టుబట్టారు. ఓటింగ్‌కు ఒక్క రోజు ముందు ప్రభుత్వం ఒక పత్రం ఇచ్చింది. అందులో కొత్త సంగతేమీ లేదని ఆయన పెదవి విరిచారు. వైరస్ లెక్క ఒక గదిలో, జీతాల లెక్క ఇంకో గదిలో ఉంటే, రెండింటినీ కలిపి చూసేది ఎవరు?

ఒక అధికారి రాసిన లేఖ

సర్వీసుల్లోకి వెళ్లాలనుకునేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంఘటన ఇది. హోటల్ బిల్లుల పథకం వచ్చినప్పుడు పన్నుల శాఖ అధిపతి జిమ్ హారా ఆర్థిక మంత్రికి ఒక లేఖ రాశారు. ఖర్చుకు తగ్గ ఫలితం వస్తుందని తాను హామీ ఇవ్వలేనని, రాతపూర్వక ఆదేశం ఇస్తేనే అమలు చేస్తానని దాని సారాంశం. మంత్రి ఆదేశం ఇచ్చారు, పథకం నడిచింది. రెండు లేఖలూ ప్రజల ముందుకొచ్చాయి. ఇందులో తిరుగుబాటు లేదు, గొడవ లేదు. ఎన్నికైన మంత్రి నిర్ణయం మంత్రిదే. కానీ తన సందేహాన్ని కాగితం మీద పెట్టడం అధికారి ధర్మం. రేపు మీరు ఏ కుర్చీలో కూర్చున్నా ఈ తేడా తెలిసుండాలి.

కిక్‌స్టార్ట్ చెప్పిన పాఠం

యువత కోసమే పెట్టిన పథకం సంగతీ చూద్దాం. 16-24 ఏళ్లవాళ్లకు ఆరు నెలల ఉద్యోగం, కనీస వేతనం ప్రభుత్వమే ఇస్తుంది. 2020 జులైలో 200 కోట్ల పౌండ్లతో కిక్‌స్టార్ట్ ప్రకటించారు. రెండున్నర లక్షల మందికి ఉద్యోగాలన్నారు. చివరికి చేరింది దాదాపు 1,63,000 మంది. పబ్లిక్ అకౌంట్స్ కమిటీ 2022లో దీన్ని గట్టిగా నిలదీసింది. శిక్షణ కోసం ఒక్కొక్కరి పేరిట కంపెనీలకు ఇచ్చిన 1,500 పౌండ్లతో అవి ఏం నేర్పాయో శాఖకే సరిగా తెలియదని ఎత్తిచూపింది.

ఇక్కడ మనవాళ్లకూ సంబంధం ఉంది. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు నుంచి వెళ్లి అక్కడ చదువుకుంటూ పార్ట్‌టైమ్ చేసేవాళ్లు ఎందరో. కంపెనీ జీతాల జాబితాలో పేరుంటే వీసా మీద ఉన్నవాళ్లకూ ఫర్లో వర్తించింది. కానీ కిక్‌స్టార్ట్‌లో చేరాలంటే యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భృతి తీసుకుంటూ ఉండాలి. విద్యార్థి వీసాపై ఆ భృతికి అర్హత లేదు. ఒకే ప్రభుత్వం, ఒకే కష్టకాలం. ఒక తలుపు తెరుచుకుంది, ఇంకోటి మూసుకుంది. విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లు ఫీజులు, ర్యాంకులతోపాటు ఇలాంటి నిబంధనలు కూడా చదవాలి.

మన దగ్గర?

మనకూ కమిటీలున్నాయి. శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993 నుంచి పనిచేస్తున్నాయి, ఇప్పుడు 24 ఉన్నాయి. పబ్లిక్ అకౌంట్స్ కమిటీ స్వాతంత్ర్యానికి ముందు నుంచే ఉంది. తేడాలు మాత్రం గమనించండి. బ్రిటన్‌లో ఇలాంటి కమిటీల ఛైర్మన్లను ఎంపీలే రహస్య ఓటింగ్‌తో ఎన్నుకుంటారు, మంత్రే వచ్చి కూర్చుంటారు, విచారణను జనం చూడొచ్చు. మన దగ్గర స్థాయీ సంఘాల ఛైర్మన్లను లోక్‌సభ స్పీకర్ లేదా రాజ్యసభ ఛైర్మన్ నియమిస్తారు, సాధారణంగా శాఖల కార్యదర్శులు హాజరవుతారు, సమావేశాలు మూసిన తలుపుల వెనకే. కోవిడ్ కాలంలో బ్రిటన్ కమిటీలు వారాల్లోనే ఆన్‌లైన్‌కు మారితే, మన కమిటీలకు గోప్యత నిబంధనల కారణంగా ఆ అనుమతి రాలేదు.

అయినా మన కమిటీలు ఏమీ చేయలేదనుకుంటే పొరపాటు. భర్తృహరి మహతాబ్ నాయకత్వంలోని కార్మిక శాఖ స్థాయీ సంఘం, కోవిడ్ వల్ల పోయిన ఉద్యోగాలపై 2021 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. గ్రామీణ ఉపాధి హామీలాగే పట్టణాల్లోనూ పని హామీ ఉండాలని సూచించింది. మన కాలేజీల్లో ఆ నివేదిక చదివినవాళ్లు ఎందరుంటారు? తప్పు విద్యార్థులది మాత్రమే కాదు. పథకం ప్రకటన మొదటి పేజీలో వస్తుంది, దాన్ని పరిశీలించిన నివేదిక లోపలి పేజీలో మూడు వాక్యాలతో సరి.

గ్రూప్స్‌కు, సివిల్స్‌కు చదివేవాళ్లు 'పార్లమెంటరీ కమిటీలు' అనే పాఠాన్ని సభ్యుల సంఖ్య, పదవీకాలం అని బట్టీ పడుతుంటారు. ఆ సంఖ్యలు అవసరమే. కానీ మెయిన్స్ సమాధానానికైనా, ఇంటర్వ్యూకైనా బలం ఇచ్చేది ఇలాంటి ఉదాహరణ. పైగా ఈ అలవాటు పరీక్షతో అయిపోయేది కాదు. నైపుణ్య శిక్షణ, స్టైపెండు, ఇంటర్న్‌షిప్... ఏ పథకం ప్రకటించినా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. అర్హత తేదీ ఏది, ఎందుకు? ఏ కాగితం లేకపోతే బయటికి పంపేస్తారు? నిర్ణయానికి ముందు ఏ నిపుణులను అడిగారు? చెప్పిన సంఖ్యకూ చివరికి చేరిన సంఖ్యకూ మధ్య తేడా ఎంత?

మార్చి నెలలో ఉద్యోగంలో చేరడం ఎవరి తప్పూ కాదు. అయినా అక్కడ లక్షల మంది ఏదో ఒక నిబంధన వల్ల ఇంటి అద్దెకు వెతుక్కున్నారు. వాళ్ల గురించి కమిటీ అడగ్గలిగింది, ఎందుకంటే బాధితులు తమ వివరాలు రాసి పంపారు. మన కమిటీలు కూడా ముఖ్యమైన బిల్లులు, అంశాలపై ప్రజల అభిప్రాయాలు కోరుతూ పత్రికల్లో ప్రకటనలు ఇస్తుంటాయి. ఉద్యోగ ప్రకటనలు వెతికేటప్పుడు అవీ కంటపడతాయి. ఈసారి పేజీ తిప్పేయకండి. మీకు తెలిసిన సమస్య అయితే రెండు పేజీలు రాసి పంపండి. నివేదికలన్నీ పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉంటాయి. ఈ నెలలో ఒక్కటి, మీ రంగానికి సంబంధించింది, మొదటి నుంచి చివరిదాకా చదవండి.