కారవాన్‌కు ఎన్ని టన్నుల చలువ కావాలి?

వేసవిలో అవుట్‌డోర్ షూటింగంటే ఏమిటో తెలియాలంటే హీరోగార్ని అడక్కూడదు, లైట్‌బాయ్‌ని అడగాలి. మే నెల మిట్టమధ్యాహ్నం రెంటచింతల వైపు రిఫ్లెక్టర్ పట్టుకు నిలబడ్డవాడికి ఎండ గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. హీరోగారికైతే షాటుకీ షాటుకీ మధ్య కారవాన్ వుంటుంది. అది చల్లగా వుంటేనే మేకప్ నిలుస్తుంది, కాల్షీటు నిలుస్తుంది, నిర్మాతగారి గుండె నిలుస్తుంది.

"పెద్ద ఏసీ పెట్టేస్తే పోలా? దీనికింత ఆలోచనెందుకు?" అంటారేమో. అక్కడే వుంది తిరకాసు.

ముందు టన్ను సంగతి. ఏసీ టన్నంటే దాని బరువు కాదు. 2,000 పౌండ్ల మంచు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని బయటికి తోసే శక్తి. గంటకు 12,000 బీటీయూలు. వాట్లలో చెప్పాలంటే దాదాపు మూడున్నర వేలు.

ఇప్పుడు బండి చూద్దాం. 20 అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు అనుకోండి. కప్పు 150 చదరపు అడుగులు, అంటే 14 చదరపు మీటర్లు. నడినెత్తిన సూర్యుడు చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్ల వేడి కురిపిస్తాడు. లెక్క కట్టండి, 14,000 వాట్లు! ఒక్క కప్పు మీదే నాలుగు టన్నులన్నమాట. అదృష్టవశాత్తూ అదంతా లోపలికి దిగదు. తెల్లరంగు చాలా మటుకు వెనక్కు తిప్పికొడుతుంది, రేకు కింద వేసిన ఫోము ఇంకొంత ఆపుతుంది. చెట్టు నీడ దొరికితే అంతకు మించిన ఏసీ లేదు, దానికి డీజిలూ అక్కర్లేదు.

2019లో అల్లు అర్జున్ తన కారవాన్ 'ఫాల్కన్' ఫొటోలు బయటపెట్టినప్పుడు ఆ నల్లని నిగనిగ చూసి అభిమానులు మురిసిపోయారు. అందం మాట ఎవరు కాదంటారు? కానీ నలుపు ఎండను తాగే రంగు. అది కావాలనుకున్నవాళ్లు లోపలి ఫోముకీ, ఏసీకీ నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టుకోవాల్సిందే.

బయటి ఎండ సరే, లోపలి ఎండో! మేకప్ అద్దం చుట్టూ పాతకాలపు 60 వాట్ల బల్బులు డజను వుంటే 720 వాట్లు. అవి వెలుగు కంటే వేడే ఎక్కువిస్తాయి. మనిషి వూరికే కూర్చున్నా సుమారు 100 వాట్ల వేడి వదులుతాడు. హీరోగారు, మేకప్‌మ్యాన్, హెయిర్ డ్రెస్సర్, కాస్ట్యూమర్, డైలాగు పేపరు పట్టుకున్న అసిస్టెంటు, వెరసి 500. అంతా కలిపితే టన్నులో మూడోవంతు ఇక్కడే హరీ. ఆ బల్బులు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే 720 కాస్తా 108కి దిగుతుంది. ఏసీని ముట్టుకోకుండానే! ఇక అయిదు నిమిషాలకోసారి "షాట్ రెడీ సార్" అంటూ తలుపు తీసే అసిస్టెంటు డైరెక్టరు తెచ్చే వడగాలి ఏ లెక్కకీ అందదు.

ఇంకో కిటుకు. పెట్టె మీద రాసే టన్నులు మామూలుగా బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలిచినవి. 45 డిగ్రీల్లో అదే యంత్రం చలువ తక్కువిచ్చి కరెంటు ఎక్కువ తాగుతుంది. డిసెంబరు షూటింగులో భేష్ అనిపించుకున్న బండి మే నెలలో చెమటలు పట్టించేది అందుకే. 46 డిగ్రీల దగ్గర కొలిచే పద్ధతి కూడా వుంది. కొనేవాళ్లు ఆ అంకె అడగాలి.

అలాగని మరీ పెద్దది పెట్టినా చిక్కే. మామూలు రకం ఏసీ అవసరానికి మించినదైతే గబుక్కున చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలో తేమ అలాగే వుండిపోతుంది. విశాఖ, కాకినాడ వైపు ఆ జిడ్డు తెలియనిదెవరికి? నన్నడిగితే ఒక్క పెద్దదాని కన్నా రెండు చిన్నవి మేలు. ఒకటి మొరాయిస్తే రెండోది ఆదుకుంటుంది, పొద్దువాలాక ఒకటి ఆపేయొచ్చు. పైగా ఏసీ కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు, నడిచేటప్పటి కంటే కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది. రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి వేస్తే జనరేటర్ తట్టుకుంటుంది. నెమ్మదిగా వేగమందుకునే ఇన్వర్టర్ రకమైతే మరీ మంచిది.

జనరేటర్ అన్నాను కదా, అసలు భయమక్కడుంది. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆగివున్న కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. తారలు కారు, ఆ బండి సిబ్బంది. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని తేలింది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఏసీ కోసం తలుపులూ కిటికీలూ బిగించుకున్న గదిలోకి చేరిందంటే నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది.

పగలు స్టార్లు కూర్చునే ఆ బండిలో రాత్రి నడుం వాల్చేది డ్రైవరూ, హెల్పరూ. అందుకని ప్రొడక్షన్ మేనేజర్లకో మనవి. బండి మాట్లాడేటప్పుడు ఎన్ని టన్నులని అడగండి, తప్పులేదు. దాంతోపాటు పొగగొట్టం ఎటు తిరిగివుందో, కింద పలకకు కన్నాలున్నాయేమో వంగి చూడండి. లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం వుందా అని అడగండి. లేదంటే ఆ బండి వద్దనండి.

వచ్చేవారం జనరేటర్ వ్యాన్ డ్రైవర్ల కబుర్లు.