దూర గ్రహాల పాఠం తెలుగులో చెప్పలేమా?

గుణుపురం ప్రాంతంలో పిల్లలను తెలుగు మాధ్యమంలో చదివిస్తున్న మనకు ఒక ప్రశ్న తరచూ ఎదురవుతుంది. 'ఇంట్లో మాట్లాడుకోవడానికి తెలుగు సరే, సైన్సుకు సరిపోతుందా?' అని బంధువులు అడుగుతారు. ఒక్కోసారి మనలో మనమే అడుగుకుంటాం. బిడ్డను బడి మార్పించే ఆలోచన చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. అందుకే నేటి సైన్సులో బాగా కొత్తదైన ఒక అంశాన్ని తీసుకుని చూద్దాం.

వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం సాధారణంగా మనకు నేరుగా కనిపించదు. అది తన నక్షత్రం ముందు నుంచి దాటేటప్పుడు నక్షత్రపు వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ వెలుగులో కొంత గ్రహం చుట్టూ ఉన్న గాలి పొర గుండా వడకట్టుకుని వస్తుంది. ఒక్కో వాయువు కొన్ని ప్రత్యేకమైన రంగుల వెలుగును మింగేస్తుంది. వచ్చిన వెలుగును వర్ణపటంగా విడదీసి, ఏ రంగులు తగ్గాయో చూస్తే అక్కడ ఏ వాయువు ఉందో తెలుస్తుంది. మన గాలిలోనూ నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయి కనుక భూమి నుంచి చూస్తే ఆ గుర్తులు కలగాపులగమవుతాయి. అందుకే టెలిస్కోపును అంతరిక్షంలో పెడతారు. 2021 డిసెంబరు 25న ప్రయోగించిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు, సుమారు 700 కాంతి సంవత్సరాల దూరంలోని వాస్ప్-39బి గ్రహం గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను 2022లో స్పష్టంగా పట్టుకుంది.

ఇంత చెప్పడానికి తెలుగు ఎక్కడా తడబడలేదు.

ఈ విద్య మన నేలకు పరాయిదీ కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, మచిలీపట్నంలో పోగ్సన్ సూర్యుడి అంచు వెలుగును రంగులుగా విడదీసి చూశారు. ఆ ఏడాదే ఇంగ్లండులో లాక్యర్ సూర్యకాంతిలో గమనించిన పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. ఆ కొత్త మూలకానికే హీలియం అని పేరు పెట్టారు. 1895లో గానీ అది భూమి మీద దొరకలేదు. 2018లో హబుల్ టెలిస్కోపు సుమారు 200 కాంతి సంవత్సరాల అవతల ఉన్న వాస్ప్-107బి గాలిలో అదే హీలియంను గుర్తించింది.

గ్రహం నక్షత్రాన్ని దాటడమూ మనవాళ్లు చూసిందే. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటాడు. విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు దాన్ని టెలిస్కోపుతో పరిశీలించారు. వెదురు, కర్ర పరికరాలతో ఆకాశాన్ని కొలిచిన ఒడిశా పండితుడు పఠాణి సామంత తన 'సిద్ధాంత దర్పణం'లో దాన్ని ప్రస్తావించారు. అప్పట్లో గుణుపురం విశాఖపట్నం జిల్లాలో ఉండేది, 1936 నుంచి ఒడిశాలో ఉంది. కాబట్టి ఆ ఇద్దరూ మన పిల్లలకు సొంతవాళ్లే. ఇద్దరి పేర్లూ మన తరగతి గదిలో వినిపించాలి.

ఉపాధ్యాయులకు మా మనవి ఒకటే. ఒక పాత సీడీ తెచ్చి, ముందు ఫిలమెంటు బల్బు వెలుగులో, తర్వాత ట్యూబులైటు వెలుగులో పిల్లలకు చూపించండి. మొదటిదానిలో రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి, రెండోదానిలో విడివిడి పట్టీలుగా కనిపిస్తాయి. తేడా ఎందుకో పిల్లలనే అడగండి. సూర్యుడి వైపు మాత్రం చూడనివ్వకండి. కొత్త పదాలను తెలుగు, ఒడియా, ఇంగ్లీషుల్లో పక్కపక్కనే బోర్డు మీద రాయండి.

ఇంగ్లీషు వద్దని మనం అనడం లేదు. అర్థమైన విషయాన్ని బిడ్డ రేపు ఏ భాషలోనైనా చెప్పగలడు. అర్థం కాకుండా బట్టీపట్టినదాన్ని ఏ భాషలోనూ వివరించలేడు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సదుపాయాలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణ రాష్ట్రాలకు చెబుతోంది. తెలుగులో సైన్సు చెప్పగల ఉపాధ్యాయులను, సకాలంలో పుస్తకాలను తల్లిదండ్రులుగా మనం గట్టిగా అడగాలి. అడగకుండా బడి మార్పిస్తే, తెలుగు బడులు ఒక్కొక్కటిగా ఖాళీ కావడానికి మనమూ కారణమవుతాం.