పోలండువాడి మీద వేసిన ఓటు

పోయిన ఆదివారం పొద్దున రెడింగ్ నుంచి మా అన్నయ్య ఫోన్. పెద్దమ్మ కొడుకు, నాకన్నా ఆరేళ్ళు పెద్ద. ఇక్కడ అడిక్‌మెట్‌లో మేం కాఫీ తాగుతుంటే అక్కడ ఇంకా తెల్లారనే లేదు. అంటే నిద్ర పట్టట్లేదన్నమాట. సంగతేంటంటే, వాళ్ళ చెల్లెలి కొడుకు, అంటే మా ఇద్దరికీ మేనల్లుడు, వచ్చే నెల పెట్టె సర్దుకుని ఇండియా వచ్చేస్తున్నాడు. 2023 జనవరిలో ఎమ్మెస్సీకి వెళ్ళాడు. తెనాలిలో ఉన్న ఒక్క స్థలం తాకట్టు పెట్టి పంపించారు. చదువయ్యాక గ్రాడ్యుయేట్ రూట్ కింద ఇచ్చిన రెండేళ్ళూ అయిపోవచ్చాయి. స్పాన్సర్ చేసే కంపెనీ దొరకలేదు.

"వీళ్ళు మనకి ద్రోహం చేశార్రా. ఇందుకేనా నేను ఓటేసింది!" అన్నాడు అన్నయ్య.

ఫోన్లో ఊఁ కొట్టి ఊరుకున్నా. పెద్దవాడు, పైగా నిద్ర లేని మనిషి. కానీ ఆ రెండో మాట వారమంతా చెవిలో తిరుగుతూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నా. ఆయనకి లింకు కూడా పంపిస్తా. తిట్టుకుంటే తిట్టుకోనీండి.

ముందు ఆ ఓటు సంగతి చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామందికి ఇది తెలియదు. 2016 జూన్ 23న యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా పోవాలా అని బ్రిటన్‌లో రెఫరెండం పెట్టినప్పుడు బ్రిటిష్ పౌరులు, ఐర్లండు వాళ్ళతో పాటు అక్కడ వీసా మీద ఉంటున్న కామన్వెల్త్ దేశాల వాళ్ళకీ ఓటుంది. అంటే నిన్నగాక మొన్న టయర్ 2 వీసా మీద దిగిన మన గుంటూరు, కరీంనగర్ కుర్రాళ్ళకి ఓటుంది. పదేళ్ళుగా అక్కడే పన్ను కడుతున్న పోలండువాడికీ, ఫ్రెంచివాడికీ లేదు. ఎవరిని పంపించాలా అన్నది ప్రశ్న అయితే, వాళ్ళని పక్కన కూర్చోబెట్టి మన చేతికి పెన్సిల్ ఇచ్చారు. మా అన్నయ్య 2012లో వెళ్ళాడు, అప్పటికింకా ఇండియన్ పాస్‌పోర్టే. వెళ్ళి "లీవ్" మీద గుర్తు పెట్టి వచ్చాడు. మర్నాడు ఫలితం 51.9 శాతంతో "లీవ్" గెలిచింది. పౌండు ఒక్క రాత్రిలో పడిపోయి డాలరుతో పోలిస్తే 1985 తరవాత ఎన్నడూ లేనంత కిందికి చేరింది. ఆయన ఇక్కడ నిజాంపేట ఫ్లాటుకి కడుతున్న ఈఎంఐ ఆ నెల నుంచే పౌండ్లలో బరువెక్కింది. అప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నాడు లెండి.

మనవాళ్ళంతా ఇలాగే వేశారని అనట్లేదు. లార్డ్ ఆష్‌క్రాఫ్ట్ ఓటింగ్ రోజున చేయించిన సర్వేలో ఆసియా మూలాల వాళ్ళలో మూడింట రెండొంతులు "ఉందాం" అన్నారని తేలింది. నా గొడవ ఆ మిగిలిన మూడో వంతులో ఒకాయనతో.

ఆయన కారణం నాకు బాగా గుర్తుంది. ఎన్నిసార్లు విన్నానో! "మనం డిగ్రీలు, అనుభవం, ఇంగ్లీషు పరీక్ష, జీతం స్లిప్పులు అన్నీ చూపించి గుమ్మం దగ్గర నిలబడాలి. వాడెవడో పోలండు నుంచి ఐడీ కార్డు ఊపుకుంటూ వచ్చేస్తాడు. వాళ్ళని ఆపితే ఆ సీట్లు మనవే." ఈ బాధ అబద్ధం కాదు. 2015 ఏప్రిల్ నుంచి వీసా ఫీజు పైన ఏడాదికి 200 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి మొదలైంది. 2016 ఏప్రిల్ నుంచి టయర్ 2 వాళ్ళు అక్కడ స్థిరపడాలంటే 35,000 పౌండ్ల జీతం ఉండాలన్నారు. అంతకుముందే 2012లో చదువయ్యాక ఇచ్చే రెండేళ్ళ వర్క్ వీసా ఎత్తేశారు. ఇవన్నీ మన మీదే, యూరప్ వాళ్ళ మీద ఒక్కటీ లేదు. రెఫరెండానికి ముందు ప్రీతి పటేల్ లాంటివాళ్ళు "మన కర్రీ హౌస్‌లని కాపాడుకుందాం, యూరప్ పోతే వంటవాళ్ళని మన దేశాల నుంచే తెచ్చుకోవచ్చు" అని ప్రచారం చేశారు కూడా.

అయితే అన్నయ్యా, ఒక్క ప్రశ్న. ఆ రూల్సు ఎవరు రాశారు? బ్రస్సెల్స్‌లో రాశారా? 35,000 రూలు లండన్ హోం ఆఫీసు రాసింది. సర్‌చార్జి లండన్ పెట్టింది. వర్క్ వీసా ఎత్తేసింది లండనే. యూరప్ బయటివాళ్ళని ఎంతమందిని రానివ్వాలి, ఎలా రానివ్వాలి అన్నది యూనియన్‌లో ఉన్నన్నాళ్ళూ బ్రిటన్ చేతిలోనే ఉంది. ఆ మాటకొస్తే, 2004లో పోలండు వగైరా యూనియన్‌లో చేరినప్పుడు వాళ్ళ కార్మికుల్ని ఏడేళ్ళ దాకా ఆపుకునే వెసులుబాటు పాత సభ్యదేశాలన్నిటికీ ఉంటే, మొదటి రోజే తలుపు తీసిన మూడు దేశాల్లో బ్రిటన్ ఒకటి. మిగతా రెండూ ఐర్లండు, స్వీడన్. అది కూడా లండన్ నిర్ణయమే.

దీనికి ఆయన దగ్గర ఒక జవాబుంది, తీసిపారేసేది కాదు. "యూరప్ వాళ్ళని ఆపలేరు కాబట్టి మొత్తం అంకె తగ్గించడానికి మనల్ని బిగించారు. వాళ్ళని ఆపితే మనల్ని వదిలేవాళ్ళు." సరే. కానీ ఏడాదికి లక్షలోపే రావాలన్న ఆ అంకె ఎవరు పెట్టుకున్నారు? 2010లో కామెరాన్ ఎన్నికల కోసం పెట్టుకున్నాడు. వలసలు మరీ ఎక్కువయ్యాయని కోపంగా ఉన్న జనంతో కలిసి ఓటేసి, ఆ కోపం మన దాకా రాదని ఎలా అనుకున్నావు? బగ్ ఒక మాడ్యూల్‌లో ఉంటే ఇంకో మాడ్యూల్ డిలీట్ చేసి రిలీజ్ ఇచ్చినట్టుంది. రిగ్రెషన్ రాకుండా ఎలా ఉంటుంది?

ఇక్కడ నేను కాస్త వెనక్కి వెళ్ళాలి. 2009 డిసెంబరు నుంచి 2014 దాకా మా అడిక్‌మెట్ ఎలా ఉండేదో ఆ రోజుల్లో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఉస్మానియా క్యాంపస్ పక్కనే కదా, టియర్ గ్యాస్ వాసనకి బాల్కనీ తలుపులు మూసుకున్న రోజులున్నాయి. మా అపార్ట్‌మెంటులో ఎనిమిది వాటాలు. నాలుగు అటు, నాలుగు ఇటు. వాళ్ళు వినాయక చవితికి కూడా చందా విడిగా వసూలు చేసిన ఏడాది ఒకటుంది. మాది 1978లో తెనాలి వైపు నుంచి వచ్చిన కుటుంబం. నేను సమైక్యమే, దాచేదేముంది. అన్నయ్య నాకన్నా పదింతలు సమైక్యం. రెడింగ్‌లో బ్యానరు పట్టుకుని ఫోటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. "హైదరాబాదు అందరిదీ. పనిచేసుకుని బతుకుతున్నవాణ్ణి నువ్వు బయటివాడివి అనడానికి ఎవడికి హక్కుంది?" ఇది 2013లో ఆయన రాసిన మాట. మూడేళ్ళు తిరక్కుండా పోలండువాణ్ణి బయటివాడన్నది కూడా ఆయనే.

ఇటువైపు వాళ్ళు తక్కువేం తినలేదు. మా ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడు నల్గొండ వాడు, ఉద్యమంలో పోలీసు దెబ్బలు తిన్నవాడు. మా పాలన మాక్కావాలి, ఆర్థిక నష్టం లెక్కలు మాకు చెప్పొద్దు అని నాతో ఏళ్ళ తరబడి వాదించాడు. 2016 జూన్ 24న క్యాంటీన్లో "ఈ ఇంగ్లీషోళ్ళకి బుర్ర లేదు, జీడీపీ చూసుకోకుండా ఎమోషన్‌తో ఓటేశారు" అని పగలబడి నవ్వాడు. నేను ఆయన మొహం వంక చూశా. ఆయనకే అర్థమై నవ్వు ఆపేశాడు. అదీ పెద్దమనిషి లక్షణం.

ఆయన విషయంలో ఇంకొకటి ఒప్పుకోవాలి. తెలంగాణ వాళ్ళ కోపం సరైన చిరునామాకే వెళ్ళింది. 1985 డిసెంబరు 30న 610 జీవో ఇచ్చింది హైదరాబాదు సెక్రటేరియటే, దాన్ని అమలు చెయ్యకుండా నాన్చిందీ అదే. ఆ ప్రభుత్వం నుంచే విడిపోతామన్నారు. నచ్చినా నచ్చకపోయినా లాజిక్ కుదిరింది. ఆ జీవో ఏంటో నేను చదివింది రాష్ట్రం విడిపోయాక, 2014 జూన్ తరవాత. ఐదేళ్ళు వాదించి, అది కూడా చదవలేదు. సిగ్గుగానే ఉంది.

పోనీ విడిపోతే అన్నీ తేలిపోయాయా అంటే అదీ లేదు. అప్పుల్లాంటివి జనాభా లెక్కన 58.32, 41.68 శాతాలుగా పంచారు. ఉమ్మడి రాజధాని పదేళ్ళ గడువు 2024 జూన్ 2న ముగిసిపోయినా 9, 10 షెడ్యూళ్ళ సంస్థల పంచాయితీ అప్పటికీ తెగలేదు. నియామకాల కోసం రాష్ట్రం తెచ్చుకుంటే, 2024 అక్టోబరులో గ్రూప్-1 మెయిన్స్ ముందు అశోక్‌నగర్ కోచింగ్ హాస్టళ్ళ పిల్లలు మళ్ళీ రోడ్డు మీదే ఉన్నారు. చిక్కడపల్లి లైబ్రరీలో సీటు కోసం తెల్లారకుండా లైన్లో నిలబడేవాళ్ళని ఇప్పుడెళ్ళినా చూడొచ్చు.

అయినా మన విడిపోవడానికీ వాళ్ళ విడిపోవడానికీ పోలికే లేదు. "మేం చెప్పలేదా, చూడు బ్రెగ్జిట్" అని రెండు పక్షాలూ దాన్ని కర్రలా వాడుకోవడం చూస్తే నాకు ఒళ్ళు మంట. మనం గోడ కట్టుకున్నది ఒకే ఇంట్లో. అదే రూపాయి, అదే సుప్రీంకోర్టు, కోదాడ దాటి గరికపాడు వెళ్ళడానికి వీసా అక్కర్లేదు. బ్రిటన్ ఇంట్లోంచే బయటికి వచ్చేసింది. 2020 డిసెంబరు 31 తరవాత వాళ్ళకి సరుకుకి కాగితం కావాలి, మనిషి వెళ్ళి పనిచేసుకుంటూ ఉండిపోవాలంటే వీసా కావాలి.

ఆ తేడా ఏంటో మనకి ఒక్కసారి రుచి చూపించారు. 2021 మే, కోవిడ్ రెండో వేవ్. ఆంధ్ర నుంచి హైదరాబాదు వస్తున్న అంబులెన్సుల్ని ఆస్పత్రి నుంచి ముందస్తు అనుమతి లేదని తెలంగాణ సరిహద్దులో ఆపేశారు. హైకోర్టు మందలించి, ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చింది. అప్పుడు పెద్దమ్మకి ఆక్సిజన్ తగ్గుతోంది. అదృష్టం బాగుండి విజయవాడలోనే బెడ్ దొరికింది గానీ, ఆ రాత్రి అన్నయ్య ఫోన్లో ఏడ్చాడు. "మన దేశంలో మనకి పాసేంట్రా?" అని. ఆ స్టే ఇవ్వడానికి మనకింకా ఒక ఉమ్మడి రాజ్యాంగం ఉంది. పోలండువాడికి అలాంటి రక్షణ ఇచ్చే యూనియన్‌లోంచే బయటికి పోదామని అన్నయ్య ఓటేశాడు. ఆ రాత్రి అది నేను అనలేదు. అనగలిగే రాత్రి కాదు.

నిజానికి ఆ రెండేళ్ళూ ఆయన మాటే గెలిచినట్టు కనిపించింది. 2021 జులైలో గ్రాడ్యుయేట్ రూట్ తెరిచారు. నర్సులు, కేర్ వర్కర్లు, మాస్టర్స్ పిల్లలు, భార్యాభర్తలు... మన ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట కన్సల్టెన్సీల బోర్డుల మీద అమెరికా పక్కన పెద్ద అక్షరాల్లో యూకే. "చెప్పానా లేదా?" అన్నాడు. మేనల్లుణ్ణి పంపమని చెల్లెలికి చెప్పింది కూడా ఆ ఊపులోనే. 2023 నాటికి నికర వలస ఏడాదికి 9 లక్షలు దాటింది. వలసలు తగ్గుతాయని "లీవ్"కి ఓటేసిన అసలు సిసలు ఇంగ్లీషువాడు కళ్ళు నులుముకుని చూశాడు. పోలండువాడు పోయి తెనాలివాడు వచ్చాడు. వాడి కోపం ఏమీ తగ్గలేదు, చిరునామా మారింది.

తరవాత వరసగా చూడండి. 2024 జనవరి నుంచి మాస్టర్స్ పిల్లలు కుటుంబాన్ని తీసుకురాకూడదన్నారు. 200 పౌండ్ల సర్‌చార్జి అంచెలంచెలుగా పెరిగి 2024 ఫిబ్రవరికి 1,035 అయింది. స్కిల్డ్ వర్కర్ జీతం గీత 26,200 నుంచి 2024 ఏప్రిల్‌లో 38,700కి, 2025 జులైలో 41,700కి ఎక్కింది. కొత్త పట్టభద్రులకి కొంత రాయితీ ఉన్నా, ఆ తలనొప్పంతా ఎందుకని చిన్న కంపెనీలు స్పాన్సర్ అన్న మాటకే తలుపేసుకుంటున్నాయి. స్థిరపడటానికి 5 ఏళ్ళ బదులు 10 ఏళ్ళు అంటూ 2025 మేలో శ్వేతపత్రం వచ్చింది. ఈసారి సాకు చెప్పడానికి బ్రస్సెల్స్ కూడా లేదు.

అన్నయ్య పక్కింట్లో ఒక పోలండు కుటుంబం ఉంది. ఆయన ప్లంబరు, 2005లో వచ్చాడట. 2014లో వదిన రెండో కాన్పుకి ఆస్పత్రికెళ్తే పెద్దవాణ్ణి రెండు రోజులు వాళ్ళింట్లోనే ఉంచుకున్నారు. రెఫరెండం అప్పుడు ఆయనకి ఓటు లేదు. విడిపోయేటప్పుడు బ్రిటన్, యూనియన్ రాసుకున్న ఒప్పందం పుణ్యమా అని, ఎప్పటినుంచో ఉన్న యూరప్ వాళ్ళకి పైసా ఫీజు లేకుండా సెటిల్డ్ స్టేటస్ ఇచ్చారు. ఆయనా తీసుకున్నాడు. ఎవరి మీద ఓటేశాడో ఆయన హాయిగా ఉన్నాడు. ఎవరి కోసం వేశానంటాడో ఆ పిల్లాడు తిరిగి వస్తున్నాడు.

మొన్న మళ్ళీ మాట్లాడినప్పుడు పిల్లాడి సామాను గురించి అడిగా. రెండు పెట్టెలు విమానంలో తెచ్చుకుంటాడట. మంచం, టేబుల్, సైకిలు ఎవరికో ఇచ్చెయ్యాలి. వాటిని పక్కింటి పోలండాయన తన వ్యానులో వచ్చి తీసుకెళ్తానన్నాడట.

"ఆయనకి తెలుసా అన్నయ్యా, నువ్వెటు వేశావో?" అన్నా.

కాసేపు మాట లేదు. "వాళ్ళావిడ పిల్లాడికి దారిలో తినడానికని కేకు చేసి ఇస్తోంది రా" అన్నాడు.